క్లచ్ అప్‌గ్రేడ్‌తో పాటు హైడ్రాలిక్ రిలీజ్ బేరింగు మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

గేర్‌బాక్సు ఒకసారి దించి ఎక్కించాక, అదే పని కోసం మళ్లీ దించాలంటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. క్లచ్ అప్‌గ్రేడ్ చేయించుకుని, కొన్నాళ్లకే రెండోసారి దించాల్సి వచ్చిన కార్లు నేను చూశాను. వాటిలో చాలావాటికి కొత్త క్లచ్‌లో ఏ లోపమూ లేదు. దాని వెనక ఉన్న బేరింగును ఎవరూ పట్టించుకోలేదు, లేదా కొత్తది వేసినా కొలత తీయలేదు. ఎక్కువ మంది అడిగే ప్రశ్నలకు వివరంగా జవాబులు రాస్తున్నాను.

హైడ్రాలిక్ రిలీజ్ బేరింగు అంటే ఏమిటి? మామూలు రిలీజ్ బేరింగుకీ దీనికీ తేడా ఏమిటి?

పాత పద్ధతిలో స్లేవ్ సిలిండర్ (పెడల్ తొక్కినప్పుడు ఆయిల్ ఒత్తిడితో కదిలే భాగం) గేర్‌బాక్సు బయట ఉంటుంది. అది ఒక ఫోర్కును నెడుతుంది, ఫోర్కు బేరింగును నెడుతుంది, బేరింగు వెళ్లి ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటును ఇంజన్ వెనక తిరిగే ఫ్లైవీలు చక్రానికి అదిమి పట్టే భాగం) మీది డయాఫ్రమ్ స్ప్రింగు వేళ్లను (ఆ గుండ్రటి స్ప్రింగు మధ్యకు చాచిన రేకు ముక్కలను) నొక్కుతుంది, క్లచ్ విడుతుంది. హైడ్రాలిక్ రకంలో ఫోర్కు ఉండదు. స్లేవ్ సిలిండరే గుండ్రంగా, మధ్యలో రంధ్రంతో, గేర్‌బాక్సులోకి వెళ్లే ఇన్‌పుట్ షాఫ్టు చుట్టూ ఉంగరంలా కూర్చుంటుంది. దాని పిస్టన్ కొసనే బేరింగు ఉంటుంది. మీరు పెడల్ తొక్కితే ఆయిల్ (చాలా కార్లలో బ్రేక్ ఆయిలే) ఒత్తిడికి పిస్టన్ ముందుకు వచ్చి వేళ్లను నేరుగా నొక్కుతుంది. దీన్నే కాన్సెంట్రిక్ స్లేవ్ సిలిండర్ అని కూడా అంటారు.

దీంతో కదిలే భాగాలు తగ్గుతాయి, నొక్కుడు వేళ్లన్నిటి మీదా సమానంగా పడుతుంది. ఇబ్బంది ఏమిటంటే, అదంతా బెల్ హౌసింగ్ (ఇంజన్ వైపు ఉండే గేర్‌బాక్సు గుల్ల) లోపల ఉంటుంది. బయట స్లేవ్ కారితే చిన్న రిపేరు. ఇది కారితే మాత్రం గేర్‌బాక్సు దించాల్సిందే.

నా పాత బేరింగు బాగానే పనిచేస్తోంది. క్లచ్ ఒక్కటి మారిస్తే సరిపోదా?

మార్చమనే నా సలహా. ఇందులో నాకు రెండో మాట లేదు.

పాత బేరింగు పాత క్లచ్ దగ్గర ఒక చోట నిలబడి పనిచేయడానికి అలవాటు పడింది. సిలిండర్ గోడ మీద పిస్టన్ రబ్బరు సీలు ఏళ్ల తరబడి కొద్ది మి.మీ. మేర మాత్రమే అటూ ఇటూ తిరిగింది. అంతమేర గోడ నున్నగా ఉంటుంది. మిగతా చోట మురికి, అరిగిన రబ్బరు పొడి, ఒక్కోసారి తుప్పు పేరుకుని ఉంటాయి. క్లచ్ ప్లేటు అరిగేకొద్దీ వేళ్లు గేర్‌బాక్సు వైపు జరుగుతాయి కాబట్టి పాత బేరింగు బాగా వెనక్కి వెళ్లి పనిచేస్తూ ఉంటుంది. కొత్త ప్లేటు వేయగానే వేళ్లు మళ్లీ ఇంజన్ వైపు వెళ్లిపోతాయి. అంటే పాత సీలు ఇంతకాలం తాకని, గరుకెక్కిన చోట తిరగడం మొదలుపెడుతుంది. నిన్నటిదాకా చుక్క కారని సీలు, కొత్త క్లచ్ వేసిన కొన్ని వారాలకే కారడానికి కారణం చాలాసార్లు ఇదే.

దానికి తోడు అప్‌గ్రేడ్ క్లచ్ స్ప్రింగు గట్టిగా ఉంటే, దాన్ని నొక్కడానికి ఆయిల్‌లో ఒత్తిడి ఎక్కువ కావాలి. ఆ ఒత్తిడి అంతా ఆ పాత సీలే మోయాలి. నా సొంత కారుకు మొదటిసారి క్లచ్ మార్చినప్పుడు పనిచేసిన మెకానిక్ బేరింగును చేత్తో తిప్పి చూసి, శబ్దం లేదు, బాగుంది అన్నాడు, నేనూ ఒప్పుకున్నాను. నాలుగు నెలలకు సీలు కారి, బ్రేక్ ఆయిల్ కొత్త ప్లేటు మీద పడింది. ఆయిల్ పీల్చుకున్న ఫేసింగు (ప్లేటు మీది రాపిడి పొర) కడిగినా మునుపటిలా పట్టదు. బేరింగుతో పాటు ప్లేటు కూడా మళ్లీ కొనాల్సి వచ్చింది. ఆ బాధ ఇంకొకరు పడకూడదనే ఈ జవాబు ఇంత పొడుగ్గా రాశాను.

పాడవుతోందని ముందే తెలుసుకోవడం ఎలా?

క్లచ్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గుతూ, బయట ఎక్కడా తడి కనిపించకపోతే మొదటి అనుమానం దీని మీదే పెట్టండి. బెల్ హౌసింగ్ అడుగున తడి, పెడల్ మెత్తబడటం, తొక్కిన పెడల్ పైకి రాకపోవడం, రివర్స్ వేసేటప్పుడు కరకర, రెండు మూడుసార్లు పంపు కొడితే గానీ గేరు పడకపోవడం, ఇవన్నీ హైడ్రాలిక్ లోపానికి గుర్తులు. చాలా కార్లలో క్లచ్, బ్రేకు ఒకే డబ్బాలోని ఆయిల్ వాడుకుంటాయి. అందుకని మట్టం తగ్గుతుంటే తేలిగ్గా తీసుకోవద్దు.

కంపెనీ బేరింగు చాలా, వేరేది కొనాలా?

అది మీరు వేసే క్లచ్‌ను బట్టి ఉంటుంది. ఒకే ప్లేటు ఉండి, కవరు ఎత్తు, వేళ్ల ఎత్తు పాతదానిలాగే ఉంటే, మంచి తయారీ కొత్త కంపెనీ బేరింగు సాధారణంగా సరిపోతుంది. కొన్ని కార్లలో దీని బాడీ ప్లాస్టిక్‌తో వస్తుంది. స్ప్రింగు బాగా గట్టిదైతే అల్యూమినియం బాడీది దొరుకుతుందేమో చూడండి.

రెండు ప్లేట్ల క్లచ్ వేస్తే లెక్క మారుతుంది. ప్యాక్ మందం వేరు, వేళ్లు నిలబడే చోటు వేరు, ప్లేట్లన్నీ విడివడటానికి కావలసిన కదలిక వేరు. అప్పుడు క్లచ్ తయారుచేసినవారు దానికి ఏ బేరింగు చెప్పారో అదే వాడండి. బేరింగు ముఖం ఆకారం కూడా చూడాలి. వేళ్లు వంపు తిరిగి ఉంటే చదును ముఖం బేరింగు, వేళ్లు చదునుగా ఉంటే గుండ్రటి అంచు బేరింగు వాడటం మామూలు పద్ధతి. రెండూ పొసగకపోతే వేళ్ల కొసలు తొందరగా అరిగిపోతాయి.

అందరూ గ్యాప్ కొలవమంటారు. ఏ గ్యాప్? ఎలా కొలవాలి?

మొత్తం పనిలో ఇదే కీలకం. దీనికి పట్టేది అరగంట.

బేరింగు పిస్టన్‌ను పూర్తిగా వెనక్కి నొక్కి ఉంచినప్పుడు బేరింగు ముఖానికీ, వేళ్ల కొసలకూ మధ్య ఎంత ఖాళీ ఉంటుందన్నది మనకు కావాలి. గేర్‌బాక్సు ఎక్కించాక లోపల కొలవలేం కాబట్టి రెండు ముక్కలుగా కొలిచి తీసివేస్తాం. ముందు కొత్త క్లచ్‌ను ఫ్లైవీలుకు పూర్తి టార్క్‌తో (చెప్పిన బిగింపు బలంతో) బిగించండి. బిగించకుండా తీసిన కొలత పనికిరాదు, ఎందుకంటే బిగించేకొద్దీ వేళ్లు కదులుతాయి. తర్వాత ఇంజన్ బ్లాకు మీద, గేర్‌బాక్సు ఆనే ముఖం నుంచి వేళ్ల కొసలు ఎంత బయటికి ఉన్నాయో చూడండి. నిటారైన ఇనుప పట్టీ, వెర్నియర్ ఉంటే చాలు. ఇది మొదటి కొలత.

రెండోది గేర్‌బాక్సు వైపు. బేరింగును దాని చోట బిగించి, పిస్టన్ పూర్తిగా వెనక్కి నొక్కి, బెల్ హౌసింగ్ అంచు నుంచి బేరింగు ముఖం ఎంత లోపలికి ఉందో కొలవండి. ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య పలుచటి ప్లేటు వచ్చే కార్లలో దాని మందం కూడా ఇందులో కలపాలి. ఈ సంగతి చాలామంది మరిచిపోతారు.

రెండో కొలతలోంచి మొదటిది తీసేస్తే వచ్చేదే గ్యాప్. ఉదాహరణకు వేళ్లు 62.5 మి.మీ. బయటికి ఉండి, బేరింగు 68 మి.మీ. లోపలికి ఉంటే గ్యాప్ 5.5 మి.మీ. ఒక్కసారి కొలిచి వదిలేయకండి. చుట్టూ మూడు చోట్ల కొలిచి సరిచూసుకోండి.

కొన్ని బేరింగులలో లోపలి స్ప్రింగు ఎప్పుడూ బేరింగును వేళ్లకు ఆనించే ఉంచుతుంది. అందువల్ల వాటికి గ్యాప్ అక్కర్లేదని అనుకుంటారు. అది పొరపాటు. అక్కడ ఈ అంకె, బేరింగు ఇంకా ఎంత వెనక్కి వెళ్లగలదో చెబుతుంది. రెండు రకాలకూ అది కావాలి.

గ్యాప్ ఎంత ఉండాలి? తక్కువైతే ఏమవుతుంది, ఎక్కువైతే ఏమవుతుంది?

విడిగా అమ్మే చాలా బేరింగులకు 2.5 నుంచి 5 మి.మీ. మధ్య ఉండే అంకె చెబుతారు. మీ బేరింగుతో వచ్చిన కాగితంలో ఏముందో అదే ప్రమాణం.

తక్కువైతే వచ్చే చిక్కు మొదటి రోజు కనిపించదు. డయాఫ్రమ్ స్ప్రింగు ఒక మీట లాంటిది. ప్లేటు 1 మి.మీ. అరిగితే వేళ్ల కొసలు సుమారు 3 మి.మీ. గేర్‌బాక్సు వైపు జరగొచ్చు. అలా జరిగినప్పుడు బేరింగు వెనక్కి తగ్గాలి. తగ్గడానికి చోటు లేకపోతే అది వేళ్లను నిరంతరం నొక్కే ఉంచుతుంది, మీరు సగం క్లచ్ తొక్కి నడుపుతున్నట్టే. క్లచ్ జారుతుంది, వేడెక్కుతుంది, బేరింగు కాలిపోతుంది.

ఎక్కువైతే పిస్టన్ చాలా ముందుకు వచ్చి పనిచేయాలి. పై ఉదాహరణలో 5.5 మి.మీ. ఖాళీ దాటాక, క్లచ్ విడవడానికి ఇంకో 9.5 మి.మీ. కదలాలి అనుకుంటే, పిస్టన్ మొత్తం 15 మి.మీ. బయటికి వస్తుంది. దాని గరిష్ఠ కదలిక 17 మి.మీ. అయితే పర్వాలేదు, 14 అయితే సీలు సిలిండర్‌లోంచి బయటికి వచ్చేస్తుంది. అప్పుడు ఆయిల్ మొత్తం ఒక్క తొక్కుడులో కారిపోతుంది.

గ్యాప్ ఎక్కువగా ఉంటే బేరింగు వెనక, దాని తయారీదారు ఇచ్చే షిమ్ (పలుచటి రేకు) వేసి ముందుకు జరపాలి. షిమ్ బేరింగు ఆనే ముఖమంతటికీ ఆధారం ఇవ్వాలి. బోల్టుల కింద వాషర్లు పెట్టి సరిపెట్టవద్దు, బాడీ వంగిపోతుంది. తక్కువగా ఉంటే వేరే ఎత్తు బేరింగు వెతకడమే మంచి దారి.

ఫ్లైవీలు కోత పెట్టించాను. దానివల్ల తేడా వస్తుందా?

వస్తుంది. 0.5 మి.మీ. కోస్తే క్లచ్ మొత్తం అంతమేర ఇంజన్ వైపు వెళ్తుంది, గ్యాప్ అంతే పెరుగుతుంది. మెట్టు ఉన్న ఫ్లైవీలు అయితే ప్లేటు ఆనే ముఖాన్నీ, కవరు బిగించే ముఖాన్నీ ఒకే లోతు కోయాలి. ప్లేటు ఆనే ముఖం ఒక్కటే కోస్తే క్లచ్ పట్టు తగ్గిపోతుంది. డ్యూయల్ మాస్ ఫ్లైవీలు (మధ్యలో స్ప్రింగులున్న రెండు ముక్కల రకం) తీసి సింగిల్ మాస్ (ఒకే ముక్క) వేసినా మందం మారుతుంది. అందుకే కోత పెట్టించాకే కొలవండి.

పెడల్ చాలా గట్టిగా ఉంది. మాస్టర్ సిలిండర్ (పెడల్ దగ్గర ఆయిల్‌ను నెట్టే సిలిండర్) మారిస్తే తేలికవుతుందా?

చిన్నది వేస్తే తేలికవుతుంది గానీ కదలిక తగ్గుతుంది. ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకోవడమే. లెక్క చూద్దాం. మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం 19.05 మి.మీ. అనుకోండి, వైశాల్యం 285 చదరపు మి.మీ. దాని పిస్టన్ 30 మి.మీ. కదిలితే 8,550 ఘనపు మి.మీ. ఆయిల్ పంపుతుంది. బేరింగు పిస్టన్ వైశాల్యం 900 చదరపు మి.మీ. అయితే బేరింగు 9.5 మి.మీ. కదులుతుంది.

అదే మాస్టర్ 15.87 మి.మీ. అయితే పెడల్ తేలికవుతుంది, కానీ బేరింగు కదిలేది 6.6 మి.మీ. మాత్రమే. క్లచ్ పూర్తిగా విడవక గేర్లు కరకరమంటాయి. 22.2 మి.మీ. వేస్తే దాదాపు 12.9 మి.మీ. కదులుతుంది, పెడల్ మరీ గట్టిపడుతుంది. పైగా వేళ్లను అవసరానికి మించి నొక్కితే డయాఫ్రమ్ స్ప్రింగు దెబ్బతింటుంది. రేసింగు భాగాలు వేసేవాళ్లు పెడల్ కింద స్టాపర్ పెట్టుకునేది అందుకే. క్లచ్ పూర్తిగా విడిచిన చోటు దాటాక కొంచెం వదిలి పెడల్ ఆగిపోవాలి.

మాస్టర్ వయసు కూడా చూసుకోండి. కొత్త బేరింగు, గట్టి క్లచ్ వేశాక పాత మాస్టర్ లోపలి సీలు ఓడిపోవడం తరచూ జరిగేదే. కారకుండానే లోపల ఒత్తిడి వదిలేస్తుంది. తొక్కి పట్టుకున్న పెడల్ మెల్లగా నేలకు దిగిపోతుంటే అనుమానం అక్కడే.

బిగించేటప్పుడు బేరింగు పాడవకుండా ఏం చూసుకోవాలి?

బయట ఉండగా పిస్టన్‌ను లాగి చూడవద్దు, గేర్‌బాక్సు పూర్తిగా బిగించేదాకా పెడల్ తొక్కవద్దు. ఎదురుగా నొక్కడానికి క్లచ్ లేకపోతే పిస్టన్ బయటికి వచ్చేస్తుంది. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టి ఉంచితే ఎవరూ పొరపాటున తొక్కరు.

కొన్ని బేరింగులు పిస్టన్‌ను నొక్కి పట్టే ప్లాస్టిక్ పట్టీలతో వస్తాయి. కొన్నిటి పట్టీలు బిగించేముందు తీసేయాలి, కొన్నిటివి మొదటి తొక్కుడుకు వాటంతట అవే తెగేలా చేసి ఉంటాయి. మీది ఏ రకమో చదివాకే ముట్టుకోండి. బేరింగు బోల్టులు చిన్నవి, దిగేది అల్యూమినియంలోకి. చేతి బలంతో కాదు, టార్క్ రెంచితో చెప్పిన అంకెకు బిగించండి. పాత ఓరింగులు (సీలుగా పనిచేసే రబ్బరు రింగులు) మళ్లీ వాడకండి. కొన్ని కార్లలో ఇన్‌పుట్ షాఫ్టు ఆయిల్ సీలు బేరింగుతో కలిసే వస్తుంది, అప్పుడు సీలు పెదవి షాఫ్టు స్ప్లైన్లకు (దాని మీది పళ్లకు) గీసుకోకుండా మెల్లగా తొడగాలి. సీలు విడిగా ఉంటే అదీ, ఇంజన్ వెనక సీలూ, ఇన్‌పుట్ షాఫ్టు కొసను మోసే పైలట్ బేరింగూ ఇప్పుడే చూసుకోండి. ఇంత దూరం విప్పాక వాటిని వదిలేయడం తెలివైన పని కాదు.

ఇక గేర్‌బాక్సు ఎక్కించడం. ప్లేటును సెంటర్ చేసే పనిముట్టుతో మధ్యకు తెచ్చి, ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. గేర్‌బాక్సు బరువు షాఫ్టు మీద వేలాడనివ్వవద్దు. అలా వేలాడితే ప్లేటు మధ్య భాగం వంగుతుంది, బేరింగు మీదా దెబ్బ పడుతుంది. బోల్టులతో లాగి దగ్గరికి తెచ్చుకోవాలని చూడకండి. రెండు ముఖాలు చేత్తో నెడితే కలవాలి. కలవకపోతే ఏదో అడ్డుపడుతోందని అర్థం.

గ్రీజు ఎక్కడ రాయాలి?

స్ప్లైన్ల మీద మాత్రమే, పలుచటి పొరగా. ఒకసారి ప్లేటు తొడిగి తీసి, అంచున మిగిలింది తుడిచేయండి. బేరింగు సీళ్ల మీద గ్రీజు గానీ ఇంజన్ ఆయిల్ గానీ రాయవద్దు. బ్రేక్ ఆయిల్‌తో పనిచేసే సీళ్ల రబ్బరు వాటివల్ల ఉబ్బిపోతుంది.

ఏ ఆయిల్ పోయాలి?

డబ్బా మూత మీద ఏది రాసి ఉంటే అది. చాలా కార్లకు డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక ఆ అంకె 155కు పడిపోవచ్చు. బేరింగు ఇంజన్ వేడికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఎప్పుడో తెరిచి పెట్టిన సీసాలోది పోయవద్దు. డాట్ 5.1 కూడా అదే గ్లైకాల్ జాతి. డాట్ 5 మాత్రం సిలికాన్, దాన్ని వీటితో కలపకూడదు. కొన్ని కార్లకు మినరల్ ఆయిల్ ఉంటుంది, వాటిలో బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు చెడిపోతాయి. బ్రేక్ ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి.

ఎయిర్ ఎంత తీసినా పోవడం లేదు. ఏం చేయాలి?

ముందు పెడల్ టకటకా కొట్టడం ఆపండి. ఖాళీ సిస్టమ్‌లో వేగంగా పంపు కొడితే గాలి చిన్న చిన్న బుడగలై ఆయిల్‌లో కలిసిపోతుంది, కొత్త సీలు మీదా దెబ్బ పడుతుంది.

డబ్బా నింపి, గాలి వదిలే నిపిల్ వదులు చేసి, ఆయిల్ దానంతటదే దిగనివ్వండి. ఇరవై ముప్పై నిమిషాలు పట్టినా ఫరవాలేదు, డబ్బా మాత్రం ఖాళీ కానివ్వకండి. ధారగా వచ్చాక నిపిల్ మూసి, పెడల్ మెల్లగా తొక్కి, తొక్కి ఉండగానే నిపిల్ తెరిచి మూసి, మెల్లగా పైకి వదలండి. అయినా మెత్తగా ఉంటే నిపిల్ వైపు నుంచి సిరంజితో ఆయిల్ పైకి పంపడం నాకు బాగా నచ్చిన పద్ధతి. గాలి సహజంగా పైకే వెళ్తుంది కదా. అప్పుడు డబ్బా పొంగి పొర్లకుండా చూసుకోవాలి. మాస్టర్ కూడా కొత్తదైతే దాన్ని బండికి బిగించేముందే ఆయిల్ నింపి గాలి తీస్తే సగం పని తగ్గుతుంది.

ఇవన్నీ చేసినా పెడల్ నిలబడకపోతే గాలి కాదేమో ఆలోచించండి. పైపు క్లిప్పు పూర్తిగా కూర్చోకపోవడం, ఓరింగు తెగడం, లేదా గ్యాప్ ఎక్కువ కావడం.

అంతా బిగించాక గేరు పడటం లేదు. మళ్లీ దించాలా?

వెంటనే వద్దు. ఇంజన్ ఆఫ్‌లో గేర్లు సాఫీగా పడి, ఆన్‌లో పడకపోతే క్లచ్ విడవడం లేదన్న మాట. పెడల్ నుంచి మాస్టర్‌కు వెళ్లే రాడ్డు పూర్తిగా కదులుతోందా, ఎయిర్ ఉందా, తొక్కినప్పుడు రబ్బరు పైపు ఉబ్బుతోందా, ఇవి ముందు చూడండి. ఇవన్నీ బాగుంటే మీరు రాసిపెట్టుకున్న కొలతలు తీయండి. ప్లేటు తిరగేసి వేసినా ఇదే లక్షణం. అప్పుడు మాత్రం దించక తప్పదు.

శబ్దం వస్తోంది. బేరింగేనా?

పెడల్ తొక్కితే మొదలయ్యే శబ్దమైతే రిలీజ్ బేరింగు మీద అనుమానం. న్యూట్రల్‌లో పెడల్ వదిలినప్పుడు ఉండి, తొక్కితే ఆగిపోయేదైతే ఎక్కువగా గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు. సింగిల్ మాస్ ఫ్లైవీలుకు మారినవాళ్లకు న్యూట్రల్‌లో గలగల రావడం మామూలే, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

ఈ పని ఇంట్లో చేసుకోవచ్చా?

గేర్‌బాక్సు 40 కిలోలు ఉండొచ్చు, కొన్ని ఇంకా ఎక్కువ. సరైన స్టాండ్లు, గేర్‌బాక్సు జాకీ, తోడుగా ఇంకో మనిషి ఉంటేనే మొదలుపెట్టండి. జాకీ ఒక్కదాని మీద నిలిపిన కారు కిందకి ఎప్పుడూ దూరవద్దు. ముందు బ్యాటరీ తీయండి. పాత క్లచ్ దుమ్మును గాలితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. పాత ఫేసింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తనంతట తాను సర్దుకునే రకం ప్రెషర్ ప్లేటు అయితే దానికి ప్రత్యేక పనిముట్టు కావాలి, అది లేకుండా బోల్టులు బిగిస్తే సర్దుబాటు ముందే అరిగినట్టు తిరిగిపోతుంది.

మెకానిక్‌తో చేయిస్తున్నా మీరు దగ్గరుండి ఆ రెండు కొలతలు తీయించండి. అంకెలు, తేదీ, వేసిన షిమ్ మందం ఒక కాగితం మీద రాసి కారు కాగితాలతో పెట్టుకోండి. ఫోటో కూడా తీసుకోండి.

కొత్త క్లచ్ వేశాక ఎలా నడపాలి?

తయారీదారు చెప్పినన్ని కిలోమీటర్లు మెల్లగా నడపాలి. చాలామంది 500 నుంచి 800 దాకా చెబుతారు. ఆగుతూ కదులుతూ నడిపే ప్రయాణాలు మంచివి, హైవే మీద ఒకే వేగంతో పోతే క్లచ్ పెద్దగా పనిచేయదు. ఆ రోజుల్లో బరువు లాగడం, ఇంజన్ రేజ్ చేసి క్లచ్ ఒక్కసారిగా వదలడం వద్దు. సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో పెట్టి పాదం తీసేయండి. మొదటి వారం రోజూ ఒకసారి ఆయిల్ మట్టం చూసి, డబ్బా మీద పెన్నుతో గీత పెట్టుకోండి. ఆ గీత కిందకు దిగితే కారు ఆపి, బెల్ హౌసింగ్ అడుగు తడిగా ఉందేమో చూడండి.